గోలీలు నాలుగు.. మందు మాత్రం ఒకటే!

మెడికల్ షాపు కౌంటర్ దగ్గర నిలబడి "అన్నా, జలుబు, తలనొప్పి, కొంచెం జ్వరం కూడా ఉంది" అని చెప్పి చూడండి. రెండు నిమిషాల్లో చేతికి ఓ చిన్న కాగితం కవరు వస్తుంది. అందులో కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్కలు మూడో నాలుగో ఉంటాయి. "ఇది పొద్దున, ఇది రాత్రి, ఇది జ్వరం వస్తే" అని షాపాయన వేలితో చూపిస్తాడు. మనం తలూపి, ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బులు కట్టేసి రూముకొచ్చేస్తాం. ఇంటికొచ్చాక ఏది పొద్దునో, ఏది రాత్రో గుర్తుండదు. పచ్చ రంగుది ఒకటి, తెల్లది ఒకటి అని గుర్తు పెట్టుకుంటాం, అంతే.

ఆ స్ట్రిప్ ముక్కల్ని ఒక్కసారి తిప్పి వెనకాల చూశారా? కత్తెర పడిన చోటే మందు పేరు సగం పోయి ఉంటుంది. ఒక ముక్క మీద ఎక్స్‌పైరీ డేటు ఉంటుంది కానీ మందు పేరుండదు. ఇంకో ముక్క మీద "సెటమాల్ ఐపీ" అని చివరి అక్షరాలు మాత్రం మిగులుతాయి. గోలీ అన్నా, బిళ్ల అన్నా, ట్యాబ్లెట్ అన్నా మనం మింగేది పేరుని కాదు కదా, లోపలి మందుని. ఆ మందు పేరే మన చేతికి రావట్లేదు.

నేను చదివింది ఇంజనీరింగ్, వైద్యం కాదు. కానీ ఒకే లైబ్రరీని ఇద్దరు డెవలపర్లు రెండు వేర్వేరు పేర్లతో ప్రాజెక్టులోకి తెచ్చి పెడితే ఏమవుతుందో మా ఫీల్డులో అందరికీ తెలుసు. విడివిడిగా చూస్తే రెండూ కరెక్టే. కలిపి రన్ చేస్తేనే సమస్య. జలుబు మందులతో జరిగేదీ అచ్చం ఇదే. ఈ సంగతి డాక్టర్లకి, ఫార్మసిస్టులకి బాగా తెలుసు. తెలియనిది కొనుక్కుని వేసుకునే మనకే.

ఒక మామూలు రోజు లెక్క

సీజన్ మారింది, పీజీలో ఒకరికి జ్వరం, జలుబు పట్టుకున్నాయి అనుకుందాం. జ్వరానికి డోలో 650, ఆరు గంటలకోసారి. రోజుకి నాలుగు. ముక్కు కారుతోందని సినారెస్ట్ లాంటి జలుబు ట్యాబ్లెట్ మూడు పూటలా ఒకటి. మధ్యాహ్నం తల పగిలిపోతోందని ఒక శారిడాన్. రాత్రి ఒళ్లు నొప్పులకి రూమ్మేట్ దగ్గరున్న కాంబిఫ్లామ్ ఒకటి. నాలుగు పేర్లు, నాలుగు రంగులు, నాలుగు సమస్యలు. దేన్నీ అతిగా వేసుకోలేదు. ఏ ఒక్క దాని డోసూ దాటలేదు.

ఇప్పుడు వెనక వైపు చదువుదాం. డోలో 650 అంటే పారాసెటమాల్ 650 ఎంజీ. నాలుగుకి 2600. జలుబు ట్యాబ్లెట్‌లో పారాసెటమాల్ 500 ఎంజీ ఉంటే మూడుకి 1500. అప్పటికే 4100 అయిపోయింది. శారిడాన్‌లో పారాసెటమాల్ 250, కాంబిఫ్లామ్‌లో 325. మొత్తం 4675 ఎంజీ.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి 24 గంటల్లో పారాసెటమాల్ 4000 ఎంజీ దాటకూడదు. అది గరిష్ఠ పరిమితి, వేసుకోమని చెప్పే డోసు కాదు. బరువు 50 కిలోల లోపుంటే పరిమితి ఇంకా తగ్గుతుంది. అలాంటప్పుడు ఒక్కో డోసుకి కిలోకి 15 ఎంజీ చొప్పున, రోజుకి నాలుగు డోసులు మించకుండా లెక్క వేస్తారు. 45 కిలోలున్న అమ్మాయికి ఆ లెక్కన రోజుకి 2700. అంటే డోలో 650 నాలుగు వేసుకుంటేనే దాదాపు గీత దగ్గరికొచ్చేస్తుంది. పైన ఒక్క జలుబు ట్యాబ్లెట్ పడితే గీత దాటినట్టే.

నాలుగు గ్రాములు దాటగానే లివర్ పాడైపోతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పారాసెటమాల్ సరైన డోసులో వాడితే చాలా భద్రమైన మందు. ప్రపంచమంతా వాడుతోంది. దాన్ని తయారు చేసే పెద్ద కంపెనీల్లో ఒకటి మన హైదరాబాద్‌దే, గ్రాన్యూల్స్ ఇండియా. సంగారెడ్డి జిల్లా బొంతపల్లిలో వాళ్ల ప్లాంటుంది. సమస్య మందులో లేదు, మనకి తెలియకుండా రెండుసార్లు, మూడుసార్లు లోపలికి వెళ్లడంలో ఉంది.

లోపల జరిగేది ఇది. మనం మింగిన పారాసెటమాల్‌లో ఎక్కువ భాగాన్ని లివర్ హాని లేని రూపంలోకి మార్చి మూత్రంలో బయటికి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం ఒక విష పదార్థంగా మారుతుంది. దాన్ని విరిచెయ్యడానికి లివర్ దగ్గర గ్లూటాథయోన్ అనే పదార్థం నిల్వ ఉంటుంది. మామూలు డోసుకి ఆ నిల్వ సరిపోతుంది. డోసు పెరిగేకొద్దీ విషం ఎక్కువ తయారవుతుంది, నిల్వ కరిగిపోతుంది. ఆ తర్వాత తయారైన విషం నేరుగా లివర్ కణాల మీద పడుతుంది. జ్వరంతో రెండు రోజులు తిండి మానేసినా, రోజూ మందు తాగే అలవాటున్నా ఆ నిల్వ ముందే తక్కువగా ఉంటుంది. "నోరు చేదుగా ఉంది, ఏమీ తినబుద్ధి కావట్లేదు, గోలీ వేసుకుని పడుకుంటా" అనే రోజే లివర్ బలం తక్కువగా ఉండే రోజు.

ఇంకో చిక్కుంది. ఎక్కువైన మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. కొంచెం వికారం, ఒకటి రెండు వాంతులు. జ్వరం వల్లే అనుకుంటాం. రెండో రోజు, మూడో రోజు కుడి పక్క పక్కటెముకల కింద నొప్పి, కళ్లు పచ్చబడటం మొదలవుతాయి. అప్పటికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. విరుగుడు లేక కాదు. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందుంది, బాగా పనిచేస్తుంది. కానీ ఎక్కువ డోసు వేసుకున్న 8 గంటల లోపు మొదలుపెడితేనే దాని బలం పూర్తిగా దక్కుతుంది. అందుకే ఎక్కువైందని అనుమానం వస్తే ఒంట్లో బాగానే ఉన్నా ఆగకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లాలి. వేసుకున్న స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లాలి.

ఒకేసారి గుప్పెడు మింగితేనే ప్రమాదం అనుకుంటాం. రోజూ కొంచెం కొంచెం ఎక్కువగా మూడు, నాలుగు రోజులు వేసుకున్నా అదే జరగొచ్చు. కాకపోతే ఈ రెండో రకంలో ఎవరికీ అనుమానం రాదు, వేసుకున్నవాళ్లకి కూడా.

పెద్ద అక్షరాల నుంచి మినహాయింపు

మందు అసలు పేరు బ్రాండ్ పేరు కంటే కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018లో కేంద్రం రూల్ మార్చింది. మంచి రూలు. కానీ అందులోనే ఒక మినహాయింపు ఉంది. విటమిన్ల మిశ్రమాలకీ, మూడు అంతకంటే ఎక్కువ మందులు కలిసిన మిశ్రమాలకీ ఇది వర్తించదు. మన జలుబు ట్యాబ్లెట్లు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. జ్వరానికి పారాసెటమాల్, ముక్కు దిబ్బడకి ఫినైల్‌ఎఫ్రిన్, తుమ్ములకీ ముక్కు కారడానికీ క్లోర్‌ఫెనిరమైన్ లేదా సెట్రిజిన్. కొన్నింట్లో మత్తు తగ్గించడానికి కెఫీన్ కూడా. లోపలేముందో తెలుసుకోవడం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే అక్షరాలు చీమల్లా ఉంటాయన్నమాట. మూడు పేర్లని పెద్దగా ముద్రిస్తే స్ట్రిప్ మీద చోటు చాలదని వాదించొచ్చు. యాడ్‌కి మాత్రం ఎక్కడైనా చోటు దొరుకుతుంది!

అసలు ఇలా కలపడం అవసరమా అనే గొడవ కూడా పాతదే. కేంద్ర ఆరోగ్య శాఖ 2016 మార్చిలో ఒకే దెబ్బకి 344 మిశ్రమ మందుల్ని నిషేధించింది. దానికి ముందు వాటిని పరిశీలించిన కమిటీకి నాయకత్వం వహించింది ప్రొఫెసర్ చంద్రకాంత్ కోకటే. వరంగల్ కాకతీయ యూనివర్సిటీకి ఒకప్పుడు వైస్ ఛాన్సలర్‌గా చేసిన మనిషే. కంపెనీలు కోర్టుకెళ్లాయి, నిషేధం ఎగిరిపోయింది, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మళ్లీ పరిశీలించి 2018 సెప్టెంబర్‌లో 328 మిశ్రమాల్ని ఆపేశారు. 2024 ఆగస్టులో ఇంకో 156. వాటిలో జలుబు, జ్వరం మిశ్రమాలు కూడా ఉన్నాయి. ఇవన్నీ పోయాక కూడా షాపులో ఇంకా ఎన్ని రకాలున్నాయో మనకి తెలుసు.

ముక్కు దిబ్బడ మందు సంగతి ఇంకా విచిత్రం. ఫినైల్‌ఎఫ్రిన్‌ని నోటి ద్వారా వేసుకుంటే చాలావరకు పేగుల్లో, లివర్లోనే విరిగిపోతుంది. ముక్కు దాకా చేరేది చాలా తక్కువ. 2023 సెప్టెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థకి సలహాలిచ్చే నిపుణుల కమిటీ దీని మీద ఓటింగ్ పెట్టింది. మామూలు డోసులో నోటి ద్వారా వేసుకుంటే ముక్కు దిబ్బడ మీద పనిచేస్తుందనడానికి ఆధారం లేదని 16 మందీ ఒకే మాట చెప్పారు. 2024 నవంబర్‌లో దాన్ని తీసెయ్యాలని ఆ సంస్థే ప్రతిపాదించింది. ముక్కులో వేసే చుక్కలకి, స్ప్రేలకి ఇది వర్తించదు, గమనించండి. అంటే జలుబు గోలీలోని మూడింట్లో ఒకటి చేసే మేలు సందేహమే. కానీ బీపీ ఉన్న నాన్నగారికి ఇచ్చేటప్పుడు మాత్రం దాని గురించి ఆలోచించాలి, రక్తనాళాల్ని బిగించే గుణం దానికుంది. "చిన్న జలుబే కదా" అని మన కవర్లోంచి ఓ గోలీ తీసి పెద్దవాళ్లకి ఇచ్చేస్తుంటాం. ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దాయనకి క్లోర్‌ఫెనిరమైన్ లాంటిది పడితే మూత్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. గ్లాకోమా ఉన్నవాళ్లకీ అది మంచిది కాదు. వాళ్లకి జలుబు మందు అడిగేటప్పుడు బీపీ, షుగర్, కళ్లు, ప్రోస్టేట్ ఈ నాలుగు మాటలూ షాపులో చెప్పి తీరాలి.

నిద్ర మందులు కాని నిద్ర మందులు

హైదరాబాద్‌లో డస్ట్ అలర్జీ లేని ఐటీ ఉద్యోగి అరుదు. మెట్రో పనులో, పక్క అపార్ట్‌మెంట్ కడుతున్న దుమ్మో, ఏసీ ఫిల్టరో, ఏదో ఒకటి. చాలామంది రాత్రి పడుకునే ముందు సెట్రిజిన్ గానీ, లెవోసెట్రిజిన్-మాంటెలుకాస్ట్ కలిసిన ట్యాబ్లెట్ గానీ నెలల తరబడి వేసుకుంటుంటారు. దాని మీద జలుబు చేస్తే జలుబు ట్యాబ్లెట్ కూడా వేస్తారు. దగ్గుకి సిరప్ తాగుతారు. లెవోసెట్రిజిన్, జలుబు ట్యాబ్లెట్‌లోని క్లోర్‌ఫెనిరమైన్, బెనడ్రిల్ లాంటి సిరప్‌లోని డైఫెన్‌హైడ్రమైన్.. ఈ మూడూ ఒకే కుటుంబం. మూడూ అలర్జీ మందులే, కొంచెమో ఎక్కువో మూడూ మత్తిచ్చేవే.

ఇక్కడ లివర్ భయం కంటే బండి భయం ఎక్కువ. రాత్రి పదకొండింటికి ఇవన్నీ కలిసి పడితే పొద్దున ఎనిమిదింటికి లేచినా తల తేలికవ్వదు. ఆ తలతోనే ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీద బండి నడుపుతాం. రెండు పెగ్గులు కూడా తోడైతే చెప్పక్కర్లేదు. సెట్రిజిన్ అయితే పెద్దవాళ్లకి రోజుకి 10 ఎంజీ, లెవోసెట్రిజిన్ అయితే 5 ఎంజీ. రోజుకి ఒక్కటి అంటే ఒక్కటే. తుమ్ములు ఆగలేదని ఇంకోటి వేసుకునే రకం మందు కాదు. రోజూ అలర్జీ మందు వేసుకునేవాళ్లు జలుబు చేసినప్పుడు మిశ్రమ ట్యాబ్లెట్ జోలికి పోకుండా, జ్వరం ఉంటే ఉత్త పారాసెటమాల్ మాత్రం వేసుకోవడం మేలు. అలర్జీ మందు ఎలాగూ లోపలుంది కదా.

మాంటెలుకాస్ట్ గురించి ఒక్క మాట. దీనివల్ల కొందరిలో మూడ్ మారిపోవడం, పీడకలలు, ఆత్మహత్య ఆలోచనలు రావొచ్చని 2020 మార్చిలో అమెరికా నియంత్రణ సంస్థ అత్యంత తీవ్ర స్థాయి హెచ్చరిక పెట్టించింది. మామూలు ముక్కు అలర్జీకి మిగతావి పనిచెయ్యనప్పుడే వాడాలని చెప్పింది. ఎప్పుడో రాసిచ్చిన చీటీతో ఏడాదిగా కొనుక్కుంటున్నవాళ్లు ఒకసారి డాక్టర్ని కలిసి "ఇది నాకింకా కావాలా?" అని అడగాలి.

దగ్గు సిరప్‌లలో డెక్స్‌ట్రోమెథార్ఫన్ అనే మాట కనిపిస్తే, డిప్రెషన్‌కో యాంగ్జైటీకో ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి వాడుతున్నవాళ్లు కొనేముందే షాపులో ఆ సంగతి చెప్పండి. రెండూ కలిస్తే మెదడులో సెరటోనిన్ మోతాదు మించి వణుకు, గుండెదడ, జ్వరం, అయోమయం రావొచ్చు. మనసుకి మందు వాడుతున్నామని కౌంటర్ దగ్గర పది మందిలో చెప్పడానికి మనకి మొహమాటం. ఫోన్లో టైప్ చేసి చూపించినా సరిపోతుంది. అంతేగానీ డిప్రెషన్ మందు సొంతంగా ఆపెయ్యకూడదు.

పిల్లల దగ్గర చెంచా లెక్క

మీకు పిల్లలు లేకపోవచ్చు. కానీ అక్క కొడుక్కి జ్వరం వస్తే రాత్రి పదింటికి షాపుకి పరిగెత్తేది మీరే. "జ్వరం సిరప్ ఇవ్వండి" అంటారు. ఆ మాటకి కనీసం మూడు సీసాలున్నాయి. చుక్కల మందయితే సాధారణంగా ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ పారాసెటమాల్. మామూలు సిరప్ అయితే 5 ఎంఎల్‌లో 120 లేదా 125. ఎక్కువ బలమున్నదైతే 5 ఎంఎల్‌లో 250. డబ్బా మీద బ్రాండ్ పేరు ఒకటే, బొమ్మా ఒకటే, పక్కన చిన్న నంబరు మాత్రం వేరు.

పిల్లలకి డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. ఒక్కో డోసుకి కిలోకి 10 నుంచి 15 ఎంజీ. డోసుకీ డోసుకీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు, రోజుకి నాలుగుసార్లు మించకుండా. పది కిలోల బాబుకి 100 నుంచి 150 ఎంజీ అన్నమాట. "ఒక చెంచా, అంటే 5 ఎంఎల్ పట్టు" అని అక్క ఫోన్లో చెప్పింది. మామూలు సిరప్ అయితే 120 ఎంజీ, సరిగ్గా ఉంది. 250ది అయితే రెట్టింపు. పొరపాటున చుక్కల సీసా తెచ్చి అదే చెంచా నింపితే 500 ఎంజీ. అంటే పెద్దవాళ్ల ట్యాబ్లెట్ ఒకటి పది కిలోల పిల్లాడి కడుపులోకి వెళ్లినట్టు. చెప్పినమాట ఒకటే, చెంచా ఒకటే, సీసా మారింది, అంతే.

ఇక ఆ చెంచా. వంటింటి చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. సీసా మూత మీద ఇచ్చే చిన్న కప్పు గానీ, గీతలున్న సిరంజి గానీ తప్ప ఇంకేదీ కొలత కాదు. కప్పుని చేత్తో గాల్లో పట్టుకుని కాదు, బల్ల మీద పెట్టి కంటి ఎత్తులో చూడాలి. చుక్కల సీసాతో వచ్చిన డ్రాపర్ని ఇంకో సీసాకి వాడకూడదు, గీతలు కలవవు.

జలుబు, దగ్గు సిరప్‌ల విషయంలో అయితే కొలత కంటే ముందు ప్రశ్న అసలు పట్టొచ్చా అనేదే. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందుని నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని లేబుల్ మీద రాయాలని 2023 డిసెంబర్‌లో ఆదేశించారు. 2025 ఏప్రిల్‌లో గెజిట్ కూడా వచ్చింది. ఇంతలో 2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్‌రిఫ్ సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు, ఇరవై మందికి పైగా. తమిళనాడు కాంచీపురం జిల్లాలో తయారైన ఆ సిరప్‌లో డైఇథైలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని పరీక్షలో తేలింది. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా ఆ బ్యాచ్ వాడొద్దని హెచ్చరిక ఇచ్చింది. అది కల్తీ, డోసు పొరపాటు కాదు. ఎంత జాగ్రత్తగా కొలిచి పట్టినా ఆ పిల్లల్ని కాపాడేది కాదు. ఆ కోపం వేరు. కానీ ఆ సందర్భంలోనే కేంద్రం ఇచ్చిన సలహా మాత్రం మన విషయానికి సంబంధించిందే. రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఐదేళ్ల లోపు వాళ్లకి సాధారణంగా అవసరం లేదు.

మరి ఏం చెయ్యాలి? ముక్కులో ఉప్పునీటి చుక్కలు, తాగడానికి గోరువెచ్చని నీళ్లు, విశ్రాంతి. ఏడాది దాటిన పిల్లలకి కొంచెం తేనె నాకించొచ్చు. ఏడాది లోపు వాళ్లకి తేనె అసలొద్దు. ఆవిరి పేరుతో మరిగే నీళ్ల గిన్నె పిల్లల ముందు పెట్టడం అంతకంటే వద్దు. అమ్మమ్మ మిరియాల పాలు జలుబుని తగ్గిస్తాయో లేదో గానీ, పెద్దవాళ్లకి గొంతుకి హాయిగా ఉంటుంది, పారాసెటమాల్ లెక్కలోకీ రాదు. ఇంకొకటి, నిమెసులైడ్ కలిసిన జ్వరం మందు పన్నెండేళ్ల లోపు పిల్లలకి 2011 నుంచే నిషేధం.

సముద్రం దాటితే పేరు మారుతుంది

డాలస్‌కి ఎమ్మెస్ చెయ్యడానికి వెళ్లే ప్రతి సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన డోలో స్ట్రిప్పులు ఉంటాయి. తప్పేం లేదు. అక్కడ జ్వరం వచ్చినప్పుడు ఇవి వేసుకుంటూనే, అక్కడి రూమ్మేట్ ఇచ్చిన డేక్విల్, నైక్విల్ కూడా వేసుకుంటారు. ఆ క్యాప్సూళ్ల మీద పారాసెటమాల్ అనే మాట ఎంత వెతికినా దొరకదు. అసిటమినోఫెన్ అని ఉంటుంది. అమెరికాలో పారాసెటమాల్ పేరే అది. ఒక్కో క్యాప్సూల్‌లో 325, డోసుకి రెండు, అంటే 650. మన డోలో ఎంతో అంత. టైలెనాల్ కూడా అదే. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకి జ్వరం అంటే పనడాల్, అది కూడా పారాసెటమాలే. దాని జలుబు రకాలు వేరే ఉన్నాయి, వాటిలోనూ ఇదే ఉంటుంది.

ఫోన్ ఉంది కదా

స్ట్రిప్ కత్తిరించే ముందే "అన్నా, ఒక్క నిమిషం" అని వెనక వైపు ఫొటో తీసుకోండి. కౌంటర్ దగ్గర ఇది వింతగా అనిపించినా రెండోసారికి షాపాయనకీ అలవాటైపోతుంది. చిన్న అక్షరాలు జూమ్ చేస్తే కనిపిస్తాయి. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లకి ప్యాక్ మీద క్యూఆర్ కోడ్ గానీ బార్‌కోడ్ గానీ తప్పనిసరి. స్కాన్ చేస్తే మందు అసలు పేరు, కంపెనీ, బ్యాచ్, ఎక్స్‌పైరీ రావాలి. ఇంట్లో గ్రూపులో "డోలో వేసుకో" అని మెసేజ్ పెట్టే బదులు "ఇప్పటిదాకా వేసుకున్నవాటి వెనక ఫొటోలు పెట్టు" అని అడిగితే ఎక్కువ ఉపయోగం. ఇంగ్లిష్‌లో ఉన్న ఆ అక్షరాలు అమ్మకి చదవడం రాకపోవచ్చు, మీకు వచ్చు. ఎన్నింటికి ఏది వేసుకున్నారో మీ నంబరుకే మీరు వాట్సాప్ మెసేజ్ పెట్టుకుంటే టైము కూడా దానంతటదే పడుతుంది. జ్వరంలో జ్ఞాపకశక్తిని నమ్మలేం.

షాపులో అడిగే పద్ధతి కూడా మార్చొచ్చు. "జలుబుకి ఏదైనా ఇవ్వండి" అంటే మిశ్రమమే వస్తుంది. "జ్వరానికి ఉత్త పారాసెటమాల్ ఇవ్వండి, ముక్కు కారడానికి సెట్రిజిన్ ఒక్కటి విడిగా" అంటే దేనికది లెక్క తెలుస్తుంది. జ్వరం తగ్గాక పారాసెటమాల్ ఆపేసి, ముక్కు మందు మాత్రం కొనసాగించొచ్చు. మిశ్రమంలో ఆ వీలుండదు, జ్వరం లేకపోయినా మింగాల్సిందే. మిశ్రమమే కొన్నారా, అది నడిచినన్ని రోజులూ డోలో, క్రోసిన్, కాల్పాల్ దేన్నీ దాని పక్కన పెట్టకండి. కవర్లో అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ కూడా అడక్కుండా పెడితే తిరిగి ఇచ్చెయ్యండి. మామూలు జలుబు వైరస్‌ది, దాని మీద అది పనిచెయ్యదు.

వానాకాలంలో మాత్రం ఇంకో జాగ్రత్త. మన దగ్గర జులై నుంచి నవంబర్ దాకా జ్వరం అంటే డెంగ్యూ కూడా కావొచ్చు. అది కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, యాస్పిరిన్ ఉన్నవి వద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ 400 ఎంజీ ఉందని గుర్తుంచుకోండి. ఒళ్లు నొప్పుల గోలీలు చాలావరకు ఈ రకమే.

జలుబు మామూలుగా వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. జ్వరం మూడు రోజులు దాటినా, ఊపిరి ఆడకపోయినా, వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చగా కనిపించినా, ఒంటి మీద ఎర్ర మచ్చలు వచ్చినా షాపు దగ్గర ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ కాగితం కవరు జేబులో పెట్టుకోండి. "ఏం వాడారు?" అనేదే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న. "పచ్చ గోలీ, తెల్ల గోలీ" అంటే ఆయనకి ఏమీ అర్థం కాదు.